సుంకప్ప పేరు పిలిచిన రోజు

పోయిన వారం ఉలిగమ్మను పెనుకొండ మాజీ సైనికుల సంఘం గదిలో, అధ్యక్షుడు గోవిందరాజులు ఎదుట బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, జవాబు కోసం ఆమె ఇంకా అక్కడే ఎదురుచూస్తోంది. ఆమె అడిగింది ఒక్కటే. బర్మా యుద్ధంలో పోయిన తన మొదటి మొగుడు సుంకప్ప ఏ పొద్దు పోయాడు?

అడగమని పంపింది అత్త నరసక్క. కొడుక్కి ఏటా పెట్టే కూడు సరైన తిథికి పెట్టాలని ముసలామె పట్టుదల. పదహారేళ్ళుగా ఏదో ఒక అమావాస్యకు పెట్టి సరిపెట్టుకుంటూ వచ్చింది. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించాం, మీ సుంకప్ప పేరే అన్నిటికంటే పైన ఉంది, ఆవిష్కరణకు రండి అని సంఘం కబురు పెట్టింది. పేరు చెక్కించినవాళ్ళకు రోజు తెలియకుండా పోతుందా అనుకుంది నరసక్క. తను అంత దూరం పోలేక కోడల్ని పంపింది. తోడుగా దాసప్ప వచ్చాడు. ఉలిగమ్మ ఇప్పటి మొగుడు అతనే.

సంఘం గది పెనుకొండ రైల్వే స్టేషన్‌కు వెళ్ళే దారిలో ఒక బియ్యం కొట్టు మీద ఉంది. ఆ మధ్యాహ్నం తాసిల్దారు వస్తున్నాడు కాబట్టి గదిని కడిగారు. కార్యదర్శి లక్ష్మీనారాయణ ఒక మూల పూలదండల మీద నీళ్ళు చల్లుతున్నాడు. ధర్మవరం మనిషి. యుద్ధమంతా బస్రాలో మిలిటరీ స్టోరులో గడిపాడు. అక్కడ తుపాకీ మోశాడో లేదో తెలియదు గానీ, తుపాకులు ఎన్ని ఉన్నాయో మాత్రం ఎప్పుడడిగినా చెప్పగలిగేవాడట.

గోవిందరాజులు హిందూపురం వాడు. హవల్దారుగా చేశాడు. నలభై రెండులో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళలో ఒకడు. ఆ నడక గురించి ఏటా ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఏటేటా దారి కొంచెం పొడుగవుతుందని లక్ష్మీనారాయణ వెనకాల నవ్వుకుంటాడు గానీ, ఆయన నడిచిన మాట నిజం. కాలికి రెండు వేళ్ళు లేవు.

ఉలిగమ్మ ప్రశ్నకు గోవిందరాజులు నుదురు రుద్దుకున్నాడు. వానలు మొదలైన కొత్తలో అని చెప్పాడు. ఏరు దాటిన మర్నాడన్నాడు. కాలెండరు చూసే రోజులు కావని, తేదీ అంటే చెప్పలేనని ఒప్పుకున్నాడు. తరువాత, ఆమె మనసు కుదుటపరచాలనే ఉద్దేశంతోనే ఇంకో మాట కలిపాడు.

"ఊరికే వచ్చేస్తిమి అనుకోవద్దమ్మా. ఆ పొద్దు సాయంత్రం దాకా ఎతికితిమి."

ఉలిగమ్మ తలెత్తింది.

"సచ్చినోన్ని ఎతికేదేందన్నా?"

"సచ్చిందెప్పుడు?" అన్నాడు గోవిందరాజులు.

ఆయన వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అడిగాడు. దాసప్ప గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కొంచెం ముందుకు జరిగాడు. లక్ష్మీనారాయణ దండలు వదిలి, చేతులు పంచెకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"మా ఇంటికాడికొచ్చి చెప్పింది నువ్వే గదా," అంది ఉలిగమ్మ.

"చెప్తిని. తప్పిపోయినాడని చెప్తిని."

"నేననేదీ అదే గదన్నా."

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. హిందూపురం పక్క తెలుగులో కన్నడం పాలూ నీళ్ళూ కలిసినట్టు కలిసిపోయి ఉంటుంది. అక్కడ మనిషి తప్పిపోయాడంటే దారి తప్పాడని, కనిపించకుండా పోయాడని. ఒక్కోసారి తప్పించుకు పారిపోయాడని కూడా. ముదిగుబ్బ దగ్గర ఉలిగమ్మ వాళ్ళ పల్లెలో ఆ మాటకు ఒకే ఒక్క అర్థం. చావును చావు అని మొహం మీద అనలేక, పెద్దవాళ్ళ విషయంలో, ఇంటివాళ్ళ విషయంలో, తప్పిపోయినాడు అంటారు. గొర్రె కనిపించకపోతే మంద విడిచింది అంటారు. పిల్లవాడు జాతరలో కనిపించకపోతే దోవ మరిచినాడు అంటారు. తప్పిపోవడం మాత్రం పాడె మీద వెళ్ళేవాళ్ళకే. రెండు ఊళ్ళకూ మధ్య ఒక పూట ప్రయాణం. సంతల్లో, రైళ్ళలో ఆ ఊరి వాళ్ళూ ఈ ఊరి వాళ్ళూ రోజూ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఈ మాట దగ్గర ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. రావలసిన అవసరం ఒక్కసారే వచ్చింది.

నలభై రెండులో గోవిందరాజులు సెలవు మీద వచ్చినప్పుడు ఇంకా చలిజ్వరం వదల్లేదు. సుంకప్ప ఇంట్లో కబురు చెప్పకుండా తన ఇంటికి వెళ్ళకూడదనుకుని నేరుగా ముదిగుబ్బలో దిగి, పల్లెకు నడిచి వెళ్ళాడు. ఇంటి ముందర నిలబడి మంచినీళ్ళు తాగి ఆ ఒక్క మాట చెప్పాడు. నరసక్క నేల మీద పడి పొర్లింది. ఉలిగమ్మ గుండెలు బాదుకుంది. ఇరుగుపొరుగు వచ్చారు. కొడుకు జాడ తెలియని తల్లి ఏడవక ఏం చేస్తుంది అనుకున్నాడు గోవిందరాజులు. తనూ కళ్ళు తుడుచుకున్నాడు. జ్వరం పైకి వస్తున్నట్టనిపించి సెలవు తీసుకున్నాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఉలిగమ్మ గాజులు పగలగొట్టారన్న సంగతి ఆయనకు తెలియదు. సర్కారు నుంచి వేరే కాగితమేదీ రాలేదు. వాళ్ళ కంపెనీ కాగితాలన్నీ రంగూన్ వదిలేటప్పుడే కాల్చేశారు.

అయితే చచ్చినవాళ్ళ పట్టీలో సుంకప్ప పేరు ఎలా చేరింది? ఈ ప్రశ్న గోవిందరాజులు లక్ష్మీనారాయణను అడిగాడు. లక్ష్మీనారాయణ నీళ్ళు నమిలాడు. మీరే కదా ఏటా ఉపన్యాసంలో సుంకప్ప తప్పిపోయినాడని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, అది విని నేను రాసుకున్నానన్నాడు. ధర్మవరం వాళ్ళది కూడా ముదిగుబ్బ వాళ్ళ మాటే. మరి పట్టీలో ఆ పేరు చూసినప్పుడు తమరు ఊరుకున్నారెందుకని లక్ష్మీనారాయణ ఎదురు ప్రశ్న వేశాడు. అందుకు గోవిందరాజులు చెప్పింది విన్నాక ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఇంటివాళ్ళకు తరువాత ఎప్పుడో సర్కారు కబురు వచ్చి ఉంటుంది, వాళ్ళు చెబితేనే కార్యదర్శి రాసి ఉంటాడు అనుకున్నాడాయన. తన పక్కన నడిచినవాడు చచ్చిపోయాడని ఆయన నమ్మింది ఆ పట్టీ చూశాకే. ఆ రాత్రి అన్నం తినలేదట కూడా. అంటే ఇల్లు ఆయన మాటను నమ్మింది, కార్యదర్శి ఆయన ఉపన్యాసాన్ని నమ్మాడు, ఆయన కార్యదర్శిని నమ్మాడు. సుంకప్ప చావును కళ్ళారా చూసినవాడు మాత్రం ముగ్గురిలో ఎవరూ లేరు. చివరికి రాతి మీద పేరు కూడా ఎక్కింది.

"పదారేండ్లాయె గదమ్మా," అన్నాడు గోవిందరాజులు. "బతికుంటే రాడా?"

"అది నన్ను అడగొద్దన్నా. ఆయప్ప పీనుగను నువ్వు కండ్లతో సూసినావా? ఔనను, కాదను."

"చూళ్ళేదమ్మా."

ఉలిగమ్మ ఏడవలేదు. ఏడవాలో వద్దో కూడా ఆమెకు తెలియలేదు. ఆమె స్థితి అలాంటిది. వాళ్ళ కులంలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన ఆడదానికి పెద్దల ఎదుట ఇంకొకడు చీర ఇస్తే, ఆమె అది కట్టుకుంటే, అది పెళ్ళే. ఆ పిల్లలు కులంలో అందరితో సమానమే. కానీ మొదటి మొగుడు పోయైనా ఉండాలి, పంచాయతీలో నిలబడి విడుపు అయినా ఇచ్చి ఉండాలి. రెండూ లేకపోతే ఆ చీరకు విలువ లేదు. ఆమె దాసప్పతో ఉన్నది ఉంచుకున్నట్టు అవుతుంది. ఇద్దరు పిల్లలకు కులంలో చోటు ఉండదు. పెద్దవాడికి పన్నెండో ఏడు.

ఆ చీర ఇప్పించింది కూడా నరసక్కే. దాసప్ప కదిరి దగ్గర తలుపుల అనే ఊరి నుంచి నరసక్క వాళ్ళ చేలో ఎరువు కోసం గొర్రెల మంద నిలపడానికి వచ్చినవాడు. వరసగా మూడేళ్ళు వచ్చాడు. వచ్చినప్పుడల్లా అడక్కుండానే కొట్టం కప్పు సవరించేవాడు. నాలుగో ఏడు నరసక్క అతన్ని కూర్చోబెట్టి, నా కొడుకు ఎట్లాగూ రాడు, నువ్వు ఈడనే ఉండిపో, నా కోడలికి చీర పెట్టు అని అడిగింది. కొడుకు బతికి ఉన్నాడన్న ఆశ వెంట్రుకవాసి ఉన్నా ఆ తల్లి ఆ మాట అనేది కాదు. దాసప్ప ఆమెను అమ్మా అనే పిలుస్తాడు.

ఇప్పుడు ఇదంతా గోవిందరాజులుకు చెప్పింది ఉలిగమ్మే. గోడ దగ్గరున్న దాసప్పను చూపించి, ఈయప్ప ఎవరనుకున్నావన్నా అని మొదలుపెట్టి అన్నీ చెప్పింది. హవల్దారు తల పట్టుకున్నాడు. నాకేం గొత్తు తల్లీ, నాకేం తెలుసు అని గొణిగాడు. ఆయనకు బాగా బాధ కలిగినప్పుడు కన్నడం ముందుకొస్తుంది.

సుంకప్ప ఎలా తప్పిపోయాడో అప్పుడు అడిగారు. సుంకప్పకు కంపెనీలో ఇచ్చిన పని కంచరగాడిదలను తోలడం. గొర్రెల వెనక పెరిగినవాడు కాబట్టి పశువుల పని అతనికి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ఏరు దాటిన మర్నాడు, అడవిలో దారి రెండుగా చీలిన చోట, ఒక గాడిద వెనకబడింది. పోతే పోనీ, పద అని గోవిందరాజులు అరిచాడు. సుంకప్ప వినలేదు. దాని మీద ఉన్నవి మందులో బిస్కెట్లో కూడా కాదు, ఖాళీ గోతాలు. అయినా తన చేతి కింద ఉన్న పశువును వదిలేసి నడవడం అతని వల్ల కాలేదు. ఇప్పుడే వస్తానని వెనక్కి వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళలేదు, ఇంకొకడు కూడా వెంట వెళ్ళాడని గోవిందరాజులు గుర్తు చేసుకుని చెప్పాడు. హనుమంతు అని, చెవి తెగినవాడు. అతనూ ఆ సాయంత్రం తిరిగి రాలేదు. కానీ అతన్ని తరువాత అస్సాంలో ఆస్పత్రి బారకాసులో దూరం నుంచి చూసినట్టు ఎవరో అన్నారు. ఊరు కదిరి పక్క అని తప్ప ఏ ఊరో తెలియదు. సంఘంలో ఎప్పుడూ చేరలేదు.

దాసప్ప తలెత్తి గోవిందరాజులు వైపు చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఏం చేయాలన్న దాని మీద తర్జనభర్జన జరిగింది. లక్ష్మీనారాయణ ఉన్నది ఉన్నట్టు వదిలేద్దామన్నాడు. ఈ సంగతి మన నలుగురికే తెలుసు, గది దాటి వెళ్ళకపోతే ఎవరికీ నష్టం లేదన్నాడు. స్టోరులో లెక్క తేలని సామానును కొంతకాలానికి పద్దులోంచి కొట్టేస్తారని ఒక ఉదాహరణ కూడా చెప్పబోయి, ఉలిగమ్మ ముఖం చూసి మింగేశాడు. గోవిందరాజులు ఒప్పుకోలేదు. ఒకసారి తన నోటి మాట వల్ల ఇంత జరిగింది, ఇప్పుడు తెలిసి తెలిసి నోరు మూసుకోలేనన్నాడు. కావాలంటే రాతిపనివాణ్ణి పిలిపించి ఆ పేరు తీసేయిస్తానన్నాడు. అలా చేస్తే ఆ మచ్చ చూసి ఊరంతా అడుగుతుందని లక్ష్మీనారాయణ. వీళ్ళిద్దరికీ ఒక విషయంలో అభిప్రాయం కలవడం సంఘం చరిత్రలో తక్కువే.

సంఘం చరిత్ర అన్న మాట వచ్చింది కాబట్టి, ఆ మధ్యాహ్నం జరిగింది అర్థం కావాలంటే దాన్ని నాలుగు మాటల్లో చెప్పుకోవాలి. సంఘం పుట్టింది హిందూపురంలో. రెండేళ్ళు తిరక్కుండానే ధర్మవరం సభ్యులు, ప్రతిసారీ మేమే రైలెక్కి రావాలా అని పేచీ పెట్టి బోర్డును గార్డు పెట్టెలో వేసుకుని తమ ఊరికి పట్టుకుపోయారు. హిందూపురం వాళ్ళు దొంగతనం కేసు పెడతామన్నారు. చివరికి రెంటికీ నడుమ ఉన్నందుకు పెనుకొండకు ఆ బోర్డు అడక్కుండానే దక్కింది. తుపాకీ పట్టినవాళ్ళు పైన కూర్చోవాలా, వంటవాళ్ళూ చాకళ్ళూ డ్రైవర్లూ కూడా పక్కన కూర్చోవచ్చా అన్న దాని మీద ఇంకో మూడేళ్ళు గడిచాయి. ఇన్ని తగాదాల మధ్య అందరూ ఒప్పుకున్న ఆచారం ఒక్కటే ఉంది, అది పేర్ల పిలుపు.

ఏడాదికొకసారి సభ్యులందరి పేర్లూ పిలుస్తారు, ఈసారి అది ఆవిష్కరణ రోజునే పెట్టుకున్నారు. ఉన్నవాడు లేచి హాజర్ అంటాడు. మొదటి ఏడు లక్ష్మీనారాయణ పొరపాటున గోరంట్ల కుర్రవాడొకడి పేరు కూడా పిలిచాడు. అతను ఆఫ్రికా ఎడారిలో చనిపోయిన సంగతి అందరికీ తెలుసు. ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఇంతలో వెనక వరసలోంచి అతని తల్లి సిద్ధమ్మ లేచి నిలబడింది.

"ఉండాడు," అంది.

మళ్ళీ కూర్చుంది. ఎవరూ నవ్వలేదు, సరిదిద్దలేదు. మరుసటి ఏడు నుంచి పోయినవాళ్ళ పేర్లు కూడా కావాలనే పిలవడం మొదలుపెట్టారు. ఇంటివాళ్ళెవరైనా లేచి ఉండాడు అంటారు. ఇది చూడటానికే కొందరు వస్తారు. వచ్చినవాళ్ళలో ఏడవకుండా వెళ్ళేవాళ్ళు తక్కువ. ఇది రాస్తున్నవాడు కూడా వాళ్ళలో లేడు.

ఉలిగమ్మకు చిక్కు ఎక్కడ వచ్చిందో ఇప్పుడు చదువరికి తెలిసే ఉంటుంది. పోయినవాడి విషయంలో ఉండాడు అనడం మర్యాద. జాడ తెలియని వాడి విషయంలో, అతని పెళ్ళాం లేచి, ఇంకో మొగుడు పక్కన ఉండగా, ఉండాడు అంటే అది సాక్ష్యం. సభకు వచ్చేవాళ్ళలో ముదిగుబ్బ పక్క నుంచి వాళ్ళ కులం వాళ్ళు కూడా ఉన్నారు. ఈరోజు వాళ్ళకు ఏమీ తెలియదు, కానీ రేపు తెలిస్తే, నీ మొగుడు ఉన్నాడని నువ్వే సభలో చెప్పావు కదా అంటారు. పలకకుండా కూర్చుంటే, ఎందుకు పలకలేదని అక్కడికక్కడే అడుగుతారు. రాకుండా ఇంటికి వెళ్ళిపోదామంటే, నరసక్కకు ఏం చెప్పాలి?

ఆలుమగలు కిందికి దిగి బియ్యం కొట్టు వెనక నీడలో కూర్చుని, తెచ్చుకున్న సద్ది విప్పారు. ఉలిగమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తను ఇప్పుడు ఎవరి పెళ్ళామో తనకే తెలియడం లేదన్న మాట పైకి అనలేదు గానీ, ఆమె మనసంతా అదే. సుంకప్ప ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూస్తే పెద్దకొడుకు ముఖం వస్తోంది. ఆ కొడుకు దాసప్ప కొడుకు. దానికి ఆమెకు సిగ్గు వేసింది, భయం కూడా వేసింది.

దాసప్ప తిండి ముట్టలేదు. కంబళి మడతలు సర్దుతూ కూర్చున్నాడు. మాట్లాడే మనిషి కాదు. చెయ్యి కడుక్కోవడానికి ఆమె లేచినప్పుడు మాత్రం అన్నాడు.

"నువ్వు ఏం పలికినా నేను వింటా. నాకోసరం మాత్రం పలకొద్దు."

నాలుగు గంటలకు తాలూకా కచేరీ ముందు జనం చేరారు. రాతికి తెల్లగుడ్డ కప్పారు. తాసిల్దారు కుర్చీలో కూర్చున్నాడు. కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా వచ్చాడు. గోవిందరాజులు ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. గొంతు బాగాలేదని చెప్పాడు. ఏటా ఆ ఉపన్యాసం ఎప్పుడైపోతుందా అని చూసేవాళ్ళకు కూడా కొంచెం వెలితిగా అనిపించింది.

లక్ష్మీనారాయణ పిలవడం మొదలుపెట్టాడు. బతికి ఉన్నవాళ్ళు ఒకరొకరే లేచి హాజర్ అన్నారు. మోకాళ్ళ నొప్పులతో లేవలేనివాళ్ళు కూర్చునే చెయ్యెత్తారు. తరువాత పోయినవాళ్ళ పేర్లు వచ్చాయి. సిద్ధమ్మ ఎప్పటిలాగే లేచి తన మాట చెప్పింది. ఇంకో ఇద్దరు చెప్పారు. రాతి మీద మొదట ఉన్న పేరును లక్ష్మీనారాయణ చివరికి నెట్టాడు. ఆ కాస్త వ్యవధిలో ఏదైనా దారి దొరుకుతుందేమోనని ఆయన ఆశ. దొరకలేదు.

"సుంకప్ప," అన్నాడు.

ఉలిగమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. రెండు వరసల వెనక దాసప్ప మగవాళ్ళ మధ్య నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె అటు చూడలేదు. రాతి వైపూ చూడలేదు. గోవిందరాజులును చూస్తూ చెప్పింది.

"తప్పిపోయినాడు."

ముదిగుబ్బ పక్కవాళ్ళు తలలు దించుకున్నారు. పాపం, ఈమెకు ఇక్కడి ఆచారం తెలియక ఉన్న మాట చెప్పేసిందనుకున్నారు. హిందూపురం వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తప్పిపోయినవాడి పేరు ఈ రాతి మీద ఎందుకుంది అని ఒకాయన పక్కవాడి చెవిలో అడిగాడు. ఆ పక్కవాడు ధర్మవరం వాడు. నువ్వు ఏమంటున్నావో నాకు అర్థం కావడం లేదన్నాడు. తాసిల్దారు ఇది కూడా ఇక్కడి పద్ధతేమో అనుకుని గంభీరంగా తలాడించాడు. లేచి గుడ్డ లాగాడు. చప్పట్లు కొట్టారు. ఉలిగమ్మ అబద్ధం చెప్పలేదు. నిజం ఏమిటో ఆమెకూ తెలియదు.

ఆ రాత్రి రైల్లో ధర్మవరం చేరి సత్రం అరుగు మీద పడుకుని, పొద్దున్నే బస్సెక్కి ముదిగుబ్బలో దిగి, పల్లెకు నడిచారు. దారి పొడుగునా ఉలిగమ్మ అత్తకు చెప్పవలసిన అబద్ధాన్ని తయారు చేసుకుంటూనే ఉంది. జ్యేష్ఠ బహుళ ఏకాదశి అని చెబుదామనుకుంది. అది వానలు మొదలయ్యే కాలమే. ముసలామె ఆ తిథికి కూడు పెట్టుకుంటుంది, కథ ముగుస్తుంది.

నరసక్క అరుగు మీద కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. కోడల్ని చూడగానే చేట పక్కన పెట్టింది. ముఖంలో అంత ఆత్రం కనబడేసరికి ఉలిగమ్మకు తయారు చేసుకున్న మాట నోట రాలేదు.

"అత్తా, ఆయప్ప తప్పిపోలేదంట. దోవ మరిచినాడంట. సాయంత్రం దాకా ఎతికినారంట."

ముసలామె ఏడుస్తుందనుకుంది ఉలిగమ్మ. పదహారేళ్ళ కిందట లాగా నేల మీద పడుతుందనుకుని పట్టుకోవడానికి వంగింది కూడా. నరసక్క పడలేదు. మొత్తం చెప్పించుకుంది. దారి చీలిక, గాడిద, ఖాళీ గోతాలు, అన్నీ విన్నది. గాడిద దగ్గర మాత్రం కొంచెం నవ్వింది. వానిది చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి అంది. ఆ తరువాత, సంఘం గదిలో అంతమంది తెలివైనవాళ్ళు విని కూడా పట్టించుకోకుండా వదిలేసిన సంగతే ఆమె అడిగింది.

"వాని ఎంట ఎవరు పోయినారు?"

ఎవరో హనుమంతు అని ఒకడు వెళ్ళాడట, చెవి తెగినవాడట, బతికి వచ్చాడో లేదో తెలియదట, ఊరు కూడా ఎవరికీ తెలియదట అని ఉలిగమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం ఊరట ఉంది. దానికి ఆమె తనను తాను తిట్టుకుంది. నరసక్క అంతేలే అని చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. పిల్లలు ఇంట్లో లేరు, గొర్రెల వెంట వెళ్ళారు. ఉలిగమ్మ నీళ్ళ కోసం కడవ అందుకుంది. ఎప్పటిలాగే ఇంకో రోజు మొదలయ్యేటట్టే ఉంది.

దాసప్ప ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. కంబళి భుజం మీంచి దించలేదు.

"అమ్మా," అన్నాడు. "ఆ హనుమంతు నాకు తెలుసు."

ఉలిగమ్మ కడవ దించింది. నిన్న ఆ గదిలో ఎందుకు చెప్పలేదని అడగబోయింది. అడగనక్కరలేకుండా అతనే చెప్పాడు.

"నిన్నంతా చెప్పకూడదనే అనుకుంటి. రైల్లోనూ అదే అనుకుంటి." అతను నరసక్క వైపే చూస్తున్నాడు, పెళ్ళాం వైపు చూడలేకపోయాడు. "హనుమంతు మా తలుపుల ఊర్లోనే ఉండాడు. మా ఇంటెనకే. పొద్దు నెత్తికెక్కక ముందే బయల్దేరదాం, లెయ్యి."